కాజీపేటలో రైలెక్కే ముందే సీరియల్ పేరు చూసుకోండి

రెండొందల నలభై పేజీలు. ప్రతి పేజీ నెత్తిన ‘ఎర్ర బంగారం’ అని అచ్చు. హన్మకొండ చౌరస్తా దగ్గర జిరాక్స్ షాపులో మూడు కాపీలు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, పొద్దున్నే కాజీపేటలో రైలెక్కాను. ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే ఒక హమాలీ ఇంటి కథతో రాసిన సీరియల్ స్క్రిప్టు అది. హైదరాబాద్‌లో ఒక చానల్ ఆఫీసులో కథలు చూసే అమ్మాయి అట్ట మీద పేరు చదివి, లోపలి పేజీ తిప్పకుండానే అంది: “సార్, ఈ పేరుతో మాకు ఆల్రెడీ ఒకటి లైన్లో ఉందండి.”

నాకిచ్చింది పావుగంట. పేరు మార్చొచ్చా, మారిస్తే ఏం పెడతారు, ముందే ఎందుకు చూసుకోలేదు... ఈ మాటల్లోనే అది గడిచిపోయింది. హమాలీ సంగతి చెప్పనే లేదు. తిరుగు రైల్లో ఆ మూడు పుస్తకాలూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కాయన “ఏం పరీక్షకు చదువుతున్నవ్ తమ్మీ?” అని అడిగాడు.

అప్పటి నుంచి ఇటు వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి స్క్రిప్టు పట్టుకుని బయల్దేరే పిల్లలు ఫోన్ చేస్తే పేరు సంగతే ముందు అడుగుతాను. చాలామంది చెప్పే మాట ఒకటే: “అన్నా, నేననుకున్న పేరు ఎవలో పెట్టుకున్నరు, ఇప్పుడెట్ల?” ఎవలు పెట్టుకున్నరు, ఎక్కడ పెట్టుకున్నరు, అది ఇప్పుడు నడుస్తున్నదా లేదా? ఈ మూడింటికీ జవాబు తెలియకుండా పేరు వదులుకోవద్దు, పట్టుకుని వేలాడనూ వద్దు.

అరవై ఏళ్ల కిందటి సినిమాకు ఆ పేరు ఉందనుకోండి, గుండె జారిపోవాల్సిన పని లేదు. మన సీరియళ్లలో సగం పేర్లు పాత సినిమాల నుంచి వచ్చినవే. ‘కార్తీక దీపం’ 1979లో శోభన్‌బాబు సినిమా, 2017లో సీరియల్. ‘దేవత’ అయితే 1941లో, 1965లో, 1982లో మూడుసార్లు సినిమాగా వచ్చింది. 2020లో అదే పేరుతో సీరియల్ మొదలైనప్పుడు వెనక ‘అనుబంధాల ఆలయం’ అని ఒక తోక తగిలించారు. మీరనుకున్న పేరుతో ఇప్పుడు ఒక సీరియల్ నడుస్తున్నా, నిన్నమొన్న ముగిసి యూట్యూబ్‌లో ఇంకా జనం చూస్తున్నా ఆ పేరు జోలికి పోవద్దు. రెండో భాగం తీసే హక్కు, ఆలోచన వాళ్లకు ఉంటాయి. ‘కార్తీక దీపం’ ముగిశాక 2024లో ‘ఇది నవ వసంతం’ అంటూ రెండోది వచ్చింది కదా. ముగిసిన సీరియల్ చచ్చిపోయినట్టు కాదు.

నవల పేరైతే ఇంకో చిక్కు. మన దగ్గర నవలలు సీరియళ్లు కావడం పాత అలవాటు. నవల పేరు పెట్టుకుంటే, చదివినవాళ్లంతా మీరు ఆ నవలనే తీస్తున్నారనుకుంటారు, రచయితకు డబ్బు ఇచ్చారా లేదా అని కూడా అడుగుతారు. కథ వేరే అని ఎన్నిసార్లు చెప్పుకుంటారు?

మూడొందల మంది చూసిన షార్ట్ ఫిల్ముకు ఆ పేరుంటే? చట్టం సంగతి పక్కన పెట్టి, ముందు ఆ పిల్లగాడికి ఒక ఫోన్ కొట్టండి. వీడియో కింద ఎక్కడో నంబరో మెయిలో ఉంటుంది. పది మందిలో తొమ్మిది మంది “పెట్టుకోండి అన్నా” అనే అంటారు. ఆ మాట మెసేజ్‌లో రాయించుకుని దాచుకోండి. చెప్పకుండా పెట్టుకుంటే మాత్రం మీ ప్రోమో కింద మొదటి కామెంటు అతనిదే.

ఇక చట్టం. ‘పేరును కాపీరైట్ చేయించిన’ అని ధీమాగా చెప్పేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. కాపీరైట్ స్క్రిప్టుకు ఉంటుంది, పేరుకు ఉండదు. ఒక రచయిత 2008లో ‘దేశీ బాయ్స్’ అని ఒక కథ రాసి ముంబైలో రచయితల సంఘంలో నమోదు చేయించుకున్నాడు. 2011లో ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో చివరి అక్షరం మాత్రం మార్చి అదే పేరుతో హిందీ సినిమా వచ్చింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోతే, ఉత్త పేరు ఒక్కదానికి కాపీరైట్ లేదని 2015లో తీర్పు వచ్చింది. ఇది వినగానే “అయితే ఎవరి పేరైనా వాడుకోవచ్చన్నమాట” అనుకుంటే బోర్లా పడతారు. వ్యాపారంలో వాడే పేర్లను, గుర్తులను కాపాడే ట్రేడ్‌మార్క్ చట్టం, 1999 అని ఇంకొకటి ఉంది. దానికి తోడు, జనాన్ని తికమక పెట్టి ఒకరి పేరు మీద ఇంకొకరు బతకకూడదనే ‘పాసింగ్ ఆఫ్’ సూత్రం ఉంది. 2007లో ఢిల్లీ హైకోర్టులో ‘నిశ్శబ్ద్’ అనే పేరు మీద నడిచిన కేసులో ఒక తేడా చర్చకు వచ్చింది. ఒక్కసారి వచ్చి పోయే సినిమా పేరు మీద హక్కు అడగాలంటే, ఆ పేరు వినగానే జనానికి మీ సినిమానే గుర్తొస్తుందని చూపించాలి. వరుసగా వచ్చే వాటి పేరు సంగతి వేరు, దానికి రక్షణ దొరకడం తేలిక. రోజూ రాత్రి ఏడున్నరకు వచ్చే సీరియల్ ఈ రెండో రకం. అందుకే నడుస్తున్న దాని పేరుకు దూరంగా ఉండమన్నది.

ఫిల్మ్ చాంబర్‌లోనో నిర్మాతల మండలిలోనో సినిమా పేర్లు రిజిస్టర్ చేసుకుంటారు. అది పరిశ్రమ తనలో తాను చేసుకున్న కట్టుబాటు, చట్టం కాదు. అయినా తేలిగ్గా తీసుకోవద్దు. 2010లో ‘ఖలేజా’ పేరు వేరే నిర్మాత ముందే పెట్టుకుని ఉండటంతో అంత పెద్ద సినిమా కూడా ‘మహేష్ ఖలేజా’ అని రావాల్సి వచ్చింది. హీరో పేరు ముందు తగిలించి గట్టెక్కారు. మన హమాలీ కథలో మహేష్‌బాబు లేడు కాబట్టి మనకు ఆ దారి లేదు.

వెతకడం ఎలాగో కొంచెం వివరంగా చెప్తాను, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గూగుల్‌లో తెలుగులో ఒకసారి కొట్టి ఏమీ రాలేదంటే ‘ఫ్రీ’ అనుకుంటారు. కేంద్ర ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ సైట్‌లో ఎవరైనా పైసా కట్టకుండా వెతుక్కోవచ్చు. సరుకును, సేవను బట్టి అక్కడ పేర్లను తరగతులుగా విడదీస్తారు: వినోద కార్యక్రమాలు 41వ తరగతి కిందికి వస్తాయి, ప్రసారాలు 38, రికార్డు చేసిన వీడియోలు 9. ఈ మూడూ చూడాలి. అక్కడ పేర్లు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి, మన తెలుగు మాటను ఇంగ్లిష్‌లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. ‘పాట’ అన్న రెండక్షరాల మాటనే ఒక ‘ఎ’తో, రెండు ‘ఎ’లతో, చివర ‘హెచ్’ పెట్టి రాసినవాళ్లు ఉంటారు. అందుకే ‘ఉచ్చారణ’ను బట్టి వెతికే పద్ధతి కూడా ఆ సైట్‌లో ఉంది, దాన్ని తప్పక వాడండి. రెండు మాటలు కలిపీ, విడదీసీ చూడండి. ఆ తర్వాత యూట్యూబ్, ఓటీటీలు, తెలుగు వికీపీడియాలో సినిమాల జాబితాలు. చివరగా ఇంట్లో రోజూ సీరియళ్లు చూసేవాళ్లను అడగండి. మా అత్తమ్మ కంప్యూటర్ కంటే ముందు చెప్పేస్తుంది.

పేరు దొరకలేదని దీర్ఘం తీసేసి, ఒత్తు పెంచి, సంఖ్యాశాస్త్రం పేరుతో ఒక అక్షరం ఎక్కించి ‘ఇది వేరే పేరు’ అనుకోవద్దు. చెవికి ఒకేలా వినపడితే ట్రేడ్‌మార్క్ లెక్కలో అది దాదాపు అదే పేరు. తోక తగిలించడం పాత సినిమా పేరుకు పనిచేస్తుంది, నడుస్తున్న సీరియల్‌కు పనిచేయదు. జనం తోకను పలకరు. ఇంట్లో ముసలమ్మ రిమోట్ చేతిలో ఉన్న మనవరాలిని అడిగేది మొదటి మాటతోనే.

ఇంకో జాగ్రత్త మన ప్రాంతానికి ప్రత్యేకం. ఒక పేరు పోగానే చాలామంది వెంటనే ఓరుగల్లు, కాకతీయ, రుద్రమ, మేడారం వైపు పరిగెత్తుతారు. ఓరుగల్లు అన్న మాట హోటళ్ల బోర్డుల నుంచి ఇన్‌స్టిట్యూట్ల దాకా ఎంత మంది వాడుకున్నారో హంటర్ రోడ్డు మీద ఒక చుట్టు తిరిగితే తెలుస్తుంది. అది మీ కథను గుర్తుచేయదు, ఊరిని గుర్తుచేస్తుంది అంతే. దేవతలు, కులాలు, జాతరల పేర్లు మరీ చూసి పెట్టాలి. 2019లో ‘వాల్మీకి’ అని పోస్టర్లు, పాటలు అన్నీ వచ్చాక, అభ్యంతరాలు కోర్టు దాకా పోయి, విడుదలకు ఒక రోజు ముందు ‘గద్దలకొండ గణేష్’ అయ్యింది. పెద్ద సినిమా కాబట్టి ఒక్క రాత్రిలో పేరు మార్చగలిగారు. సమ్మక్క-సారలమ్మల పేరు మీద కుటుంబ కక్షల సీరియల్ రాసి, ఆ తర్వాత ములుగు నుంచి నిరసన వచ్చిందని బాధపడితే ఎవరూ జాలి చూపరు, నేనైతే అసలు చూపను.

మరి కొత్త పేరు ఎక్కడ దొరుకుతుంది? నా అనుభవంలో కథలో ఎవరో ఒకరు అప్పటికే పలికి ఉంటారు, మనం గమనించం. ‘ఎర్ర బంగారం’ పోయాక నెల రోజులు కాగితాల మీద పేర్లు రాసుకుంటూ కూర్చున్నాను. అన్నీ పేపర్ల హెడ్డింగుల్లా వచ్చాయి. అసలు ‘ఎర్ర బంగారం’ కూడా అట్లాంటిదే. మిర్చి ధర పెరిగిన ప్రతి ఏడూ విలేకరులు వాడే మాట అది, యార్డులో రైతు నోట నేను ఎన్నడూ వినలేదు. చివరికి ఒక ఫిబ్రవరి పొద్దున మళ్లీ ఏనుమాములకు పోయాను. గేటు దగ్గరే ఘాటుకు తుమ్ములు మొదలు. తేజ, వండర్ హాట్, చపాట రకాల మిర్చి రాశులు. తలకు తుండు చుట్టుకుని, ముక్కుకు రుమాలు కట్టుకుని హమాలీలు. జెండాపాట అయిపోయింది. ఆ రోజు వచ్చిన సరుకులో అన్నిటికంటే మేలైన దానికి పాడే ధర అది, మర్నాడు పేపర్లో వచ్చేదీ అదే. మిగతా రాశుల దగ్గర కొనే వ్యాపారి పిడికెడు కాయలు తీసి, నలిపి, వాసన చూసి, తేమ అనీ తాలు (రంగు పోయిన కాయ) అనీ ధర కిందికి దించుతాడు. ఒక రైతు పెద్దాయన బస్తా మీద కూర్చుని బీడీ ఆర్పి అన్నాడు: “జెండపాట ఒక్కనికి పాడిండ్రు. పేపర్ల నా ఇంటామె గా రేటే చూస్తది. ఇంటికి పోయి ఏం చెప్పాలె?”

నా కథంతా అదే. ఊరికి వినపడే ధర ఒకటి, ఇంటికి తెచ్చుకునేది ఇంకొకటి. ‘జెండాపాట’ అన్న మాట నా స్క్రిప్టులో అప్పటికే పదకొండు చోట్ల ఉంది. వెతికి చూస్తే ఆ పేరు మీద అప్పటికి నాకేమీ దొరకలేదు. వృత్తిలో వాడే మాట, వంటింట్లో వాడే మాట, ఒక ఊరు మాత్రమే పలికే మాట. ఇలాంటివి పోటీలో తక్కువగా ఉంటాయి.

కాకపోతే ఇలాంటి పేరుకు ఇంకో పరీక్ష పెట్టాలి. చానల్ రెండు రాష్ట్రాల్లో చూస్తారు. వరంగల్, ఖమ్మం వాళ్లకు జెండాపాట అనగానే తెలుస్తుంది, శ్రీకాకుళంలో దేశభక్తి గీతం అనుకోవచ్చు. నేను అటువైపు మిత్రుడిని అడిగితే అచ్చంగా అదే అన్నాడు. అందుకని మొదటి ఎపిసోడ్ మొదటి సీనులోనే మార్కెట్లో జెండాపాట పాడించాను. ఆ అయోమయం కూడా పనికొచ్చింది. పేరు చూసి జెండా వందనం అనుకున్నవాడు మిర్చి రాశి దగ్గర తేలతాడు. అసలు అర్థమే తట్టని మాటైతే మాత్రం మొండికేయకండి.

బయల్దేరే ముందు కాగితాల పని. ఒక్క పేరుతో పోవద్దు, మూడు సిద్ధంగా ఉంచుకోండి, ఇష్టమైనది మొదట చెప్పండి. అట్ట మీద పేరు కింద ‘వర్కింగ్ టైటిల్’ (తాత్కాలిక పేరు) అని రాయండి. ఆ రెండు మాటలుంటే అవతలివాళ్లు పేరు దగ్గర ఆగిపోకుండా లోపలికి పోతారు. లోపలి పేజీల నెత్తిన పేరు వద్దు, మీ పేరు, పేజీ నంబరు చాలు. స్క్రిప్టును కాపీరైట్ ఆఫీసులో నమోదు చేయాలనుకుంటే సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి కాబట్టి రైలు టికెట్ కంటే ముందు ఆ పని పెట్టుకోండి. పేరు మారినా కథకున్న హక్కు పోదు. పేరునే ట్రేడ్‌మార్క్ చేయించాలంటే ఒక వ్యక్తికి ఆన్‌లైన్‌లో ఒక తరగతికి 4,500 రూపాయలు. కథ ఒప్పుకోకముందే అంత ఖర్చు నేనైతే పెట్టను. చానల్ ఒప్పందం ఇస్తే, పేరు ఎవరు ఖరారు చేస్తారు, వాళ్లు వేరే పేరు పెట్టుకుంటే మీరు పెట్టిన పేరు మీకు తిరిగొస్తుందా అన్న వాక్యం కోసం వెతకండి. లేకపోతే రాయమని అడగండి. అడిగితే కోపం రాదు, నేను అడిగాను.

ఖరారు కాకముందే ఫేస్‌బుక్‌లో పోస్టర్ పెట్టడం, వాట్సాప్ స్టేటస్‌లో ‘త్వరలో’ అని వేయడం మానుకోండి. పేరు ముందు పెట్టింది మీరే అన్న రుజువు కావాలంటే మీకు మీరే మెయిల్ పంపుకోండి.

జిరాక్స్ షాపుకు మళ్లీ పోతే అతను స్క్రిప్టు చూసి “అన్నా, మల్ల మొత్తం తియ్యాల్నా?” అన్నాడు. తీయాల్సి వచ్చింది, పేజీల మీదంతా పాత పేరే మరి. కొత్త పేరుతో అంతా సరిచేసి చానల్‌కు మెయిల్ చేశాను. ఫైలు పేరు మార్చడం మర్చిపోయాను. ఇప్పటికీ అక్కడి నుంచి ఫోన్ వస్తే అటు పక్క నుంచి మొదట వినపడేది, “ఎర్ర బంగారం గారేనాండి?”