తుప్పు వదిలింది, వారానికే మళ్లీ వచ్చింది: పాత కారు సామాన్ల సమస్య - పరిష్కారం

వైరు బ్రష్షు పట్టుకోవడం, నిమ్మ ఉప్పులో (సిట్రిక్ యాసిడ్) నానబెట్టడం మీకు తెలుసుననుకునే రాస్తున్నాను. కొలత గుర్తులేకపోతే లీటరు వేణ్నీళ్లకి 50 నుంచి 100 గ్రాముల నిమ్మ ఉప్పు, ప్లాస్టిక్ తొట్టి, కొన్ని గంటలు. మధ్యమధ్యలో తీసి చూడాలి, వేసేసి ఊరెళ్లిపోకూడదు. తొట్టిలో వేసేముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే అది ఇనుము కాదు. కార్బురేటర్ లాంటిదాన్ని తెలియక వేస్తే యాసిడ్ తుప్పుని కాదు, వస్తువునే తింటుంది.

తుప్పు అసలు కదలడం లేదు

గ్రీజు. ఇంకేం ఆలోచించకండి, గ్రీజే.

"రాత్రంతా నానబెట్టానండి, ఇంకో ప్యాకెట్ వేశానండి, అయినా అలాగే ఉందండి" అంటూ సామాను సంచిలో వేసుకుని వస్తారు. చేత్తో పట్టుకుంటే జారిపోతూ ఉంటుంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అంటే ఎంత కొత్త బండి సామానైనా పదేళ్లకి పైగా నూనె, దుమ్ము కలిసిన ముద్ద తాగి ఉంటుంది. నీళ్లలో కలిపిన ఏ పులుపూ ఆ ముద్ద దాటి లోపలికి పోదు.

చూసుకోవడం ఒక్క నిమిషం పని. సామాను మీద గ్లాసుడు నీళ్లు పొయ్యండి. చేమాకు మీద బొట్టుల్లా ముద్దలు కట్టి జారిపోతే గ్రీజు ఉన్నట్టే. పరుచుకుని తడిపితే శుభ్రంగా ఉన్నట్టు. ఉంటే ముందు డీజిలు, బ్రష్షు. తర్వాత సబ్బు పొడి వేసిన వేణ్నీళ్లు, కొబ్బరి పీచు. మన దగ్గర పీచుకి కరువా. మళ్లీ నీళ్లు పోసి చూసుకున్నాకే తొట్టిలో వెయ్యండి.

తుప్పు పోయింది గానీ నల్లగా అయిపోయింది

అది తుప్పు కాదు, పులుపు తిన్నాక మిగిలిన మసి. తడి ఉండగానే పీచుతో రుద్దితే పోతుంది.

కడిగిన గంటలోనే నారింజ పొడి కమ్మేసింది

బట్టల్లా తీగ మీద ఆరేశారు, అంతే. వొంటి మీద ఏ పూతా లేని ఇనుము తడిగా పది నిమిషాలున్నా పొడి ఎక్కుతుంది. ఆఖరిసారి మరిగే నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి, వేడి మీదే ఆరబెట్టండి. చిన్నవాటిని పొయ్యి మీద పాత పెనంలో వేస్తే చాలు.

వారం పది రోజులకి ప్రైమరు కింద పొక్కులు, చుక్కలు చుక్కలుగా తుప్పు

నన్ను ఏడిపించింది ఇదే.

మాది నరసాపురం, మొగల్తూరు మధ్య ఊరు. నాలుగేళ్ల కిందట అంబాసిడర్ రిమ్ములు ఐదూ, అంటే నాలుగు చక్రాలవీ స్టెప్నీదీ, విప్పి తుప్పు తీశాను. నాలుగింటిని ఒకరోజు మోటారు వేసి పైపుతో కడిగాను. స్టెప్నీ రిమ్ము మర్నాటికి మిగిలింది. ఆ రోజు పొద్దుటినుంచీ కరెంటు లేదు. తిట్టుకుంటూ చూరు కింద డ్రమ్ములో పట్టిన వాననీళ్లతోనే కడిగేశాను. అన్నిటికీ ఒకే డబ్బాలోంచి ప్రైమరు.

పది రోజులకి నాలుగింటి మీదా ఆవగింజంత పొక్కులు. గోటితో గీకితే కింద తేనెరంగు తడి బొట్టు. ప్రైమరు కల్తీదని కొట్టతనితో తగువేసుకున్నాను. మళ్లీ గీకి, మళ్లీ నానబెట్టి, వేరే కొట్టులో వేరే ప్రైమరు కొన్నాను. మళ్లీ అవే పొక్కులు. మూడోసారి గీకుదామని కూర్చున్నప్పుడు, గోడకి ఆనించి ఉన్న స్టెప్నీ రిమ్ము కంటబడింది. దాని మీద ఒక్క మచ్చ లేదు.

నీళ్లేనన్నాను. మా బావమరిది ఒప్పుకోలేదు. "డిక్కీలో పడుకున్న చక్రానికి తుప్పెక్కడిది బావా" అన్నాడు. మాట సబబుగానే ఉంది. అందుకని రెండు మేకులు తెచ్చి, ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, సబ్బుతో కడిగాం. ఒకదాన్ని బోరు నీళ్లలో, రెండోదాన్ని ఏసీ పైపులోంచి పట్టిన నీళ్లలో ముంచాం. రెండిటినీ పెనం మీద ఒకేలా ఆరబెట్టి, కిటికీలో వేరువేరు సాసర్లలో పెట్టాం. వాన రోజులు. మూడో రోజుకి బోరు మేకు ఒళ్లంతా గోధుమరంగు చుక్కలు, ఏసీ నీళ్ల మేకు ఇంకా తెల్లగానే ఉంది.

ఉప్పుకాగితంలో ఉప్పు లేదు. నిమ్మ ఉప్పులోనూ ఉప్పు లేదు. ఉప్పంతా మోటారు పైపులోంచి వచ్చింది.

జరిగేది ఇదీ. పాత ఇనుము పైకి నున్నగా కనిపించినా దాని నిండా తుప్పు తిన్న సన్నటి గుంటలుంటాయి. ఉప్పునీళ్లు ఆ గుంటల్లోకి దిగుతాయి. నీరు ఆరిపోతుంది, ఉప్పు అక్కడే ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పు గాలిలోంచే నీరు లాక్కుంటుంది. వానాకాలం మీ వంటింట్లో ఉప్పు జాడీ చూడండి, తెలుస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ ఇనుముతో కలిసి ఐరన్ క్లోరైడ్‌గా మారిందైతే అంతకంటే తక్కువ తేమకే చెమర్చడం మొదలెడుతుంది. నేను గోటితో గీకిన తేనెరంగు బొట్టు అదే. పైగా తుప్పు పుట్టాక కూడా ఆ క్లోరైడ్ ఖర్చయిపోదు. విడిపోయి పక్కనున్న ఇనుము మీద పడుతుంది. అందుకే పైన మీరు ఎంత ఖరీదైన ప్రైమరు వేసినా, తుప్పుని నల్లగా మార్చే మందు రాసినా కింద పని ఆగదు.

నాలుకని నమ్ముకోకండి. మా బోరు నీళ్లు మాకు ఉప్పగా తెలియవు, పుట్టినప్పటినుంచీ వాటితోనే స్నానం కదా. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే మీటరు పెడితే లీటరుకి 2000 మిల్లీగ్రాములు దాటింది. తాగే నీటికి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు, కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా. మీటరు లేకపోతే గిన్నెడు నీళ్లు మరిగించి పూర్తిగా ఇగరబెట్టండి, అడుగున తెల్లటి పొర ఎంత కట్టిందో కనిపిస్తుంది. రొయ్యల చెరువుల పక్క ఊళ్లవాళ్లయితే ఇక పరీక్ష కూడా అక్కర్లేదు, బోరు నీళ్లు వాడొద్దంతే.

కాలువ నీళ్లు మంచివే. ధవళేశ్వరం నుంచి వచ్చే గోదారి నీళ్లలో ఉప్పుండదు. బురద తేర్చుకుని వాడండి. చిక్కల్లా ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, మనకి సెలవులూ ఓపికా దొరికేదీ సరిగ్గా అప్పుడే. అప్పుడు ఏసీ నీళ్లు పట్టుకోండి, ఊరికే కారిపోతుంటాయి. ఇంట్లో ఆర్వో మిషను ఉంటే శుభ్రమైన నీళ్లు వచ్చే పైపు వేరు, పారబోసే నీళ్ల పైపు వేరు. ఆ రెండోదాన్ని బకెట్లో పట్టి "ఆర్వో నీళ్లేనండి" అని కడిగేసినవాళ్లని నేను ఇద్దర్ని చూశాను. మిషను వడకట్టిన ఉప్పంతా ఉండేది ఆ బకెట్లోనే.

ఇంకో దొంగ బాత్రూమ్ యాసిడ్. చవగ్గా వస్తుంది, తుప్పుని పది నిమిషాల్లో లేపేస్తుంది. కానీ అది హైడ్రోక్లోరిక్ యాసిడ్, గుంటల్లో క్లోరైడ్ మీరే పోసినట్టు. దాని ఆవిరికి షెడ్డులో ఉన్న స్పానర్లకి కూడా తుప్పు పడుతుంది. వాడకండి.

ఇప్పటికే ఉప్పు దిగిన సామాన్లకీ, అంతర్వేది వైపు సముద్రపు గాలికి ఏళ్ల తరబడి నిలబడ్డ బండి సామాన్లకీ పని ఒకటే. ప్రైమరు మొత్తం గీకి తీసేసి, తుప్పు వదిలించి, మంచినీళ్లతో కడగండి. తర్వాత వేడి మంచినీళ్లలో లీటరుకి రెండు చెంచాల బట్టల సోడా కలిపి రాత్రంతా ముంచి ఉంచండి. వంట సోడా కాదు, బట్టల సోడా. పొద్దున్న ఆ నీళ్లు పారబోసి కొత్తవి. కనీసం మూడుసార్లు మార్చాలి. గుంటలు లోతుగా ఉంటే ఇంకా. సోడా నీళ్లలో ఉన్నంతసేపూ ఇనుము తుప్పు పట్టదు, తొందరపడక్కర్లేదు. ఆఖర్న మరిగే ఏసీ నీళ్లతో కడిగి, వేడి మీదే ఆరబెట్టి, చేత్తో ముట్టకుండా గంటలోపు ప్రైమరు. చెమట కూడా ఉప్పే, గుడ్డ తొడుగులు వేసుకోండి. అయినా అనుమానముంటే ప్రైమరు వేసేముందు తడిగుడ్డ కప్పిన డబ్బాలో ఒక రాత్రి పెట్టి చూడండి. ముత్యాల్లాంటి గోధుమ బొట్లు లేస్తే మళ్లీ సోడాలోకే.

నా నాలుగు రిమ్ములూ అలా వారం రోజులు సోడాలో పడుకున్నాయి. మూడు వానాకాలాలు దాటాయి. ఒక్కదాని అంచున మాత్రం చిన్న పొక్కు లేచింది, అక్కడ నీళ్లు మార్చేటప్పుడు బద్ధకించాను. కొట్టతనికి మాత్రం ఇంకా ముఖం చూపించలేదు.

బ్యాటరీ ఛార్జరు పెట్టాను, బుడగలు రావడం లేదు

సోడా నీళ్లలో సామాను ముంచి, ఛార్జరు కరెంటుతో తుప్పు వదిలించే పద్ధతి ఇది. బుడగలు రాలేదంటే క్లిప్పు తుప్పు మీద పెట్టారు. అక్కడ గీకి మెరిసే ఇనుముకి పెట్టండి. సామానుకి మైనస్, పనికిరాని ఇనప ముక్కకి ప్లస్. తిరగేస్తే సామాను కరిగిపోతుంది. నీళ్లలో బట్టల సోడాయే వెయ్యాలి, ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది. ప్లస్‌కి స్టెయిన్‌లెస్ స్టీలు వద్దు, నీళ్లలోకి విషం దిగుతుంది. బుడగలు హైడ్రోజన్, బీడీ కాల్చేవాళ్లని దూరంగా పొమ్మనండి.

మిగతావి అరుదు. తుప్పు పోయాక స్క్రూడ్రైవరుతో పొడిస్తే కన్నం పడిందంటే అక్కడ తీయడానికి తుప్పే ఉండేది, ఇనుము లేదు, వెల్డింగు షాపుకి పట్టుకెళ్లండి. స్ప్రింగుల్ని, గట్టిరకం బోల్టుల్ని యాసిడ్‌లో గానీ ఛార్జరు తొట్టిలో గానీ వెయ్యకండి, పెళుసెక్కి బిగించాక విరుగుతాయి. వాటికి వైరు బ్రష్షే.