భుజానికి లేజర్ పెట్టించుకుంటున్నారా, ముందు ఈ సెకన్ల లెక్క చూడండి

భుజం నొప్పి పడేవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ, రాత్రి ఆ పక్కకి తిరగలేం, చెయ్యెత్తి తల దువ్వుకోలేం. కానీ పడిపోయాక చెయ్యి అస్సలు లేవకపోయినా, జ్వరం ఉన్నా, ఎడమ భుజం లాగుతూ ఛాతీ బరువెక్కి చెమటలు పడుతున్నా లేజర్ సంగతి పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఫిజియోథెరపీలో భుజం నొప్పికి పెట్టే ఈ లేజర్ కోసేది కాదు, వేడి కూడా పెద్దగా తెలీదు. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ అనే డాక్టర్ ఎలుకలకి వీపు గొరిగి తక్కువ పవర్ లేజర్ పెడితే అక్కడ వెంట్రుకలు త్వరగా పెరిగాయి, కథ అక్కడ మొదలైంది. ఆ వెలుతురుని కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పీల్చుకుంటుంది, వాపు, నొప్పి తగ్గేది దాని వల్లే అంటారు.

చాలామందికి పనిచెయ్యకపోవడానికి కారణం డోసు అని నా గట్టి నమ్మకం. లేజర్ పవర్ ఎన్ని మిల్లీవాట్లో దాన్ని 1000తో భాగించి సెకన్లతో గుణిస్తే జౌల్స్ వస్తాయి, డోసుని కొలిచేది వీటితోనే, అంటే 100 మిల్లీవాట్ల ప్రోబ్ (చర్మానికి ఆనించే లేజర్ కొన) ఒక పాయింట్ మీద 40 సెకన్లు ఉంచితే 4 జౌల్స్. 780 నుంచి 860 నానోమీటర్ల వేవ్‌లెంగ్త్ ఉన్న లేజర్‌కి భుజం టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే పట్టీ) మీద పాయింటుకి కనీసం 4 జౌల్స్ అని లేజర్ థెరపీ ప్రపంచ సంఘం వాల్ట్ చెప్తుంది, 904 నానోమీటర్ల పల్స్ లేజర్‌కైతే (వెలుతురు ఆగి ఆగి వచ్చేది) కనీసం 2 జౌల్స్. పది సెకన్లు తాకించి తీసేస్తే ఏం లాభం చెప్పండి, అలాగని ఎక్కువసేపు పెట్టేసినా ఫలితం తగ్గిపోతుంది.

చొక్కా తీసి, క్రీములేమన్నా ఉంటే తుడిచేసి, ప్రోబ్‌ని నిటారుగా చర్మానికి కొంచెం నొక్కిపెట్టాలి. చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుంటే ఎముక కింద దాక్కున్న టెండన్ ముందుకొస్తుంది, ఇది మాత్రం మర్చిపోవద్దు. పెట్టేవాళ్లకీ పెట్టించుకునేవాళ్లకీ ఆ వేవ్‌లెంగ్త్‌కి సరిపోయే కళ్లద్దాలు ఉండాల్సిందే. క్యాన్సర్ గడ్డ ఉన్నచోట, థైరాయిడ్ మీద వద్దు, ప్రెగ్నెన్సీ ఉన్నా, ఒంటికి ఎండ పడకుండా చేసే మందులు వాడుతున్నా ముందే చెప్పండి.

రోజూ అయితే రెండు వారాలు, రోజు విడిచి రోజైతే మూడు నాలుగు వారాలు. లేజర్ నొప్పి తగ్గిస్తుంది గానీ బిగుసుకున్న జాయింట్‌ని కదిలించేది ఎక్సర్‌సైజే, అందుకే సిట్టింగ్ అయిన వెంటనే ముందుకి వంగి చెయ్యి వేలాడదీసి మెల్లగా ఊపండి. ఏ పాయింట్‌లో ఎన్ని సెకన్లు పెట్టారో ఫోన్లో రాసుకోండి, నొప్పి తగ్గకపోతే ఫిజియోథెరపిస్ట్ ఆ లెక్క చూసే డోసు మారుస్తారు.