జాంగో పాఠాలు – 12: ఫెచ్ మింగేసే రీడైరెక్ట్

గత పాఠంలో మన లైబ్రరీ యాప్‌లో 'రిజర్వ్' బటన్‌ను ఫెచ్‌తో (స్క్రిప్ట్ నుంచే సర్వర్‌ని అడిగే బ్రౌజర్ ఫంక్షన్) కలిపాం. పేజీ రీలోడ్ కాకుండానే పుస్తకం మన పేరున పడుతోంది. ఈసారి దాన్ని కావాలని చెడగొట్టి చూద్దాం.

లాగిన్ అయి, ఏదో ఒక పుస్తకం పేజీ తెరవండి. డెవలపర్ టూల్స్‌లో కుకీల జాబితాకి వెళ్లి సెషన్ఐడీ అన్న కుకీని తీసేయండి. మనం లాగిన్ అయ్యామని సర్వర్‌కి చెప్పేది అదే, కాబట్టి సెషన్ గడువు తీరినట్టే అవుతుంది. (జాంగో సెషన్ గడువు మామూలుగా 12,09,600 సెకన్లు, అంటే రెండు వారాలు. అన్నాళ్లు ఎవరు కూర్చుంటారు!) ఇప్పుడు రిజర్వ్ నొక్కండి. పుస్తకం రిజర్వ్ కాదు, లాగిన్ పేజీ కూడా రాదు. కన్సోల్‌లో మాత్రం 'అన్ఎక్స్‌పెక్టెడ్ టోకెన్' అంటూ ఒక జేసన్ (సర్వర్, స్క్రిప్ట్ డేటా ఇచ్చిపుచ్చుకునే ఫార్మాట్) ఎర్రర్ కనిపిస్తుంది.

నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే సంగతి తెలిసిపోతుంది. అక్కడ రెండు వరసలు ఉంటాయి. మొదటిది మనం పంపిన పోస్ట్ రిక్వెస్ట్, దానికి వచ్చిన జవాబు 302 (వేరే అడ్రస్‌కి వెళ్లు). రెండోది మనం రాయని గెట్ రిక్వెస్ట్, లాగిన్ అడ్రస్‌కి వెళ్లింది, దానికి 200 (అంతా సరే). వ్యూ (రిక్వెస్ట్‌కి జవాబిచ్చే ఫంక్షన్) మీద మనం పెట్టిన లాగిన్ రిక్వైర్డ్ డెకరేటర్ (లాగిన్ కానివాళ్లని ఆపే కాపలా) తన పని తాను చేసింది: 'లాగిన్ పేజీకి వెళ్లు' అని 302 పంపింది. బ్రౌజర్ కూడా మాట విని వెళ్లింది. కానీ అడిగింది పేజీ కాదు, ఫెచ్. అందుకే లాగిన్ పేజీ హెచ్‌టీఎంఎల్ అంతా తెర మీదకి రాకుండా మన స్క్రిప్ట్ చేతికి వచ్చింది. జేసన్ వస్తుందని చూస్తున్న స్క్రిప్ట్‌కి మొదటి అక్షరంగా కోణపు బ్రాకెట్ దొరికింది. మధ్యలో 302 వచ్చిందన్న సంగతే దానికి తెలీదు, తెలిసింది చివరి 200 ఒక్కటే.

ఫెచ్‌లో రీడైరెక్ట్ ఆప్షన్‌ని మాన్యువల్ అని పెడితే సరిపోతుందేమో అని చాలామందికి తోస్తుంది. సరిపోదు. అప్పుడు స్టేటస్ 0 అని వస్తుంది, ఎక్కడికి వెళ్లాలో చెప్పే లొకేషన్ హెడర్‌ని చదవనివ్వదు. భద్రత కోసం బ్రౌజర్ దాన్ని కావాలనే దాచిపెడుతుంది.

ఇంకో అడ్డదారి ఉంది. వచ్చిన జవాబులో రీడైరెక్టెడ్ అన్న గుణం ట్రూ అయితే, దాని యూఆర్ఎల్‌కే పేజీని తీసుకెళ్లడం. లాగిన్ పేజీ వస్తుంది, హమ్మయ్య అనుకుంటాం. కానీ ఆ అడ్రస్ చివర, లాగిన్ అయ్యాక ఎక్కడికి వెళ్లాలో చెప్పే నెక్స్ట్ విలువ చూడండి. అది పుస్తకం పేజీ అడ్రస్ కాదు, రిజర్వ్ వ్యూ అడ్రస్. పాస్‌వర్డ్ కొట్టగానే బ్రౌజర్ అక్కడికి గెట్‌తో వెళ్తుంది. ఆ వ్యూ పోస్ట్ మాత్రమే తీసుకుంటుంది కాబట్టి 405 (ఈ పద్ధతి కుదరదు) వచ్చి పడుతుంది. లాగిన్ అయిన మనిషికి ఎర్రర్ చూపించడం నాకైతే అసలు సమస్య కంటే పెద్ద తప్పులా అనిపిస్తుంది.

కాబట్టి సర్వర్ దగ్గరే సరిచేద్దాం. లాగిన్ రిక్వైర్డ్ బదులు మన సొంత డెకరేటర్ ఒకటి రాయండి. యూజర్ లాగిన్ అయి ఉంటే వ్యూని నడపనివ్వాలి. లేకపోతే, అడిగింది పేజీ అయితే ఎప్పటిలా రీడైరెక్ట్, స్క్రిప్ట్ అయితే జేసన్ రెస్పాన్స్‌లో లాగిన్ అడ్రస్ పెట్టి 401 (ముందు లాగిన్ అవ్వు).

అడిగింది ఎవరో ఎలా తెలుస్తుంది? పాత కోడ్‌లో, అడిగింది స్క్రిప్టా అని చూసే ఈజ్ అజాక్స్ అనే మెథడ్ కనిపిస్తుంది. జాంగో 4.0లో దాన్ని తీసేశారు. అది చూసే హెడర్‌ని జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ పంపేది కానీ, ఫెచ్ తనంతట తాను పంపదు. ఇప్పుడు రిక్వెస్ట్‌కి యాక్సెప్ట్స్ అనే మెథడ్ ఉంది, అడిగినవాళ్లు ఏ రకం జవాబు తీసుకుంటారో అది చెబుతుంది. ఇక్కడ జాగ్రత్త: 'జేసన్ తీసుకుంటావా?' అని అడగకండి. మామూలు పేజీ రిక్వెస్ట్‌లో బ్రౌజర్ 'ఏదైనా సరే' అని కూడా రాసి పంపుతుంది, కాబట్టి దానికీ ట్రూ వస్తుంది. 'హెచ్‌టీఎంఎల్ తీసుకుంటావా?' అని అడిగి, కాదంటేనే 401 ఇవ్వండి. ఇది పనిచేయాలంటే ఫెచ్‌లో యాక్సెప్ట్ హెడర్‌ని జేసన్ అని మనమే పెట్టాలి. పెట్టకపోతే ఫెచ్ కూడా 'ఏదైనా సరే' అనే పంపుతుంది.

ఇక స్క్రిప్ట్ వైపు. 401 వచ్చినా ఫెచ్ ఎర్రర్ విసరదు, క్యాచ్‌లోకి పోదు. జేసన్ విప్పాక స్టేటస్‌ని మనమే చూడాలి. 401 అయితే, అందిన లాగిన్ అడ్రస్‌కి నెక్స్ట్‌గా ఇప్పుడు తెర మీదున్న పేజీ పాత్‌ని ఎన్‌కోడ్ చేసి కలిపి, విండో లొకేషన్‌ని అక్కడికి మార్చండి. లాగిన్ అయ్యాక యూజర్ పుస్తకం పేజీకే వస్తాడు. రిజర్వ్ మళ్లీ నొక్కాలి, నిజమే. ఆ నొక్కుడుని గుర్తుపెట్టుకుని మనమే పూర్తి చేసే ఏర్పాటు జోలికి నేను పోను. మధ్యలో ఆ పుస్తకం ఇంకొకరు తీసుకుని ఉండొచ్చు.

హెచ్‌టీఎంఎక్స్ (సర్వర్ పంపిన హెచ్‌టీఎంఎల్ ముక్కని పేజీలో పెట్టే లైబ్రరీ) వాడేవాళ్లకి ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది: బటన్ ఉన్న చిన్న డబ్బాలో లాగిన్ ఫారం మొత్తం వచ్చి కూర్చుంటుంది. వాళ్లు 302 బదులు మామూలు జవాబులో హెచ్ఎక్స్-రీడైరెక్ట్ హెడర్ పెడితే చాలు. 302లోనే ఆ హెడర్ పెడితే లాభం లేదు, బ్రౌజర్ దాన్ని ముందే మింగేస్తుంది.

401 బదులు 403 ఎందుకు వాడలేదంటే, సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (రిక్వెస్ట్ మన సైట్ నుంచే వచ్చిందని చూపే గుర్తు) తప్పినప్పుడు జాంగో ఇచ్చేది 403 (అనుమతి లేదు). రెండూ కలిస్తే టోకెన్ పోయిన ప్రతిసారీ లాగిన్ అయి ఉన్నవాళ్లని కూడా లాగిన్ పేజీకి తోసేస్తాం. వచ్చే పాఠంలోకి వచ్చే ముందు సీఎస్ఆర్ఎఫ్ కుకీని తీసేసి రిజర్వ్ నొక్కండి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఏం వచ్చిందో రాసిపెట్టుకోండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.