చిట్టెలుక పెట్ (PET) స్కాన్ సిమ్యులేషన్, 5వ పాఠం: పది రన్నులూ ఒకటే అయితే

పోయిన పాఠంలో 60 సెకన్ల స్కాన్‌ని ఆరేసి సెకన్ల చొప్పున పది ముక్కలు చేసి పది టెర్మినల్స్‌లో వదలమన్నాను కదండీ, మధ్యలో ఏదైనా ఆగిపోతే ఆ ముక్కే మళ్ళీ వేసుకోవచ్చని. చాలామంది చేశారు, కానీ పదీ కలిపినా బొమ్మ అలాగే గరుగ్గా ఉందన్నారు. ఇవాళ ఎలుక ఊపిరి కదలిక చెప్దామనుకున్నా, అది తర్వాత, ముందు ఇది తేలాలి.

తప్పంతా సీడ్‌లో ఉంది, అంటే కంప్యూటర్ యాదృచ్ఛిక అంకెల వరసని ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే అంకెలో. మనం ఏమీ చెప్పకపోతే గేట్ (మనం వాడే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్, మాక్రోలతో నడిచే వెర్షన్లలో) ప్రతి రన్‌కీ అదే సీడ్ వాడుద్ది, అంటే పది టెర్మినల్స్‌లోనూ అవే పాజిట్రాన్లు, అవే దిక్కులు, అవే 511 కేఈవీ ఫోటాన్లు స్కానర్‌లోని అవే డిటెక్టర్ క్రిస్టల్స్‌లో పడ్డాయి. దాళ్వా ధాన్యం అమ్మేటప్పుడు తేమ 17 శాతం దాటిందా లేదా అని చూస్తారు కదా, పది బస్తాల్లోంచి పది గుప్పిళ్ళు తీస్తే లోడు సంగతి తెలుస్తుంది, ఒకే గుప్పెడు మీటర్లో పదిసార్లు పోస్తే మిగతా తొమ్మిది బస్తాల గురించి ఏం తెలిసినట్టండీ? మీ పది ఫైళ్ళూ ఆ ఒక్క గుప్పెడే. లెక్కలో చూడండి: ఒకచోట 100 కౌంట్లు పడితే నాయిస్ 10 శాతం, నిజంగా 1000 పడితే 3.2కి దిగుద్ది, అదే 100ని పదిసార్లు కూడితే అంకె 1000 అవుద్ది గానీ నాయిస్ 10 దగ్గరే ఉంటుంది. బొమ్మ కాంతి పెరిగిందని మోసపోకండి.

సీడ్ 'ఆటో' పెట్టొచ్చు. నేను మాత్రం 101, 102, 103 అని చేత్తోనే ఇస్తా, పోయిన ముక్కని అచ్చంగా అలాగే మళ్ళీ నడపొచ్చు.

ఇంకోటి, అన్నిటికీ 0 నుంచి 6 సెకన్లే ఇచ్చినవాళ్ళున్నారు. ఫ్లోరిన్-18కి పర్లేదు, అర్ధాయువు 110 నిమిషాలు, 60 సెకన్లలో తగ్గేది 0.6 శాతమే. ఆక్సిజన్-15కి రెండు నిమిషాలే, 60 సెకన్లలో 30 శాతం దాకా పోద్ది, కాబట్టి 0-6, 6-12, 12-18 అని వరసగా ఇవ్వాల్సిందే.

అభ్యాసం: నెమా ఎన్‌యూ 4-2008 ఫాంటమ్‌లో (స్కానర్ బొమ్మ నాణ్యత చూసే ప్రామాణిక నమూనా) 1 నుంచి 5 మిల్లీమీటర్ల దాకా వ్యాసమున్న ఐదు రాడ్లు ఉంటాయి. ఫ్లోరిన్-18తో పది సీడ్లు, గాలియం-68తో పది సీడ్లు నడిపి 1 మిల్లీమీటర్ రాడ్ రెంటిలో ఎలా ఉందో పోల్చండి. సోర్స్ బ్యాక్-టు-బ్యాక్ పెట్టొద్దు, అందులో పాజిట్రాన్ అసలు ఉండదు, నేరుగా ఎదురెదురు దిక్కుల్లో రెండు ఫోటాన్లే పుడతాయి, రెండూ ఒకేలా వస్తాయి. గాలియం పాజిట్రాన్ గరిష్ఠ శక్తి 1.9 ఎంఈవీ, ఫ్లోరిన్‌ది 0.63, శక్తి ఎక్కువైతే పాజిట్రాన్ ఎక్కువ దూరం పోయి బొమ్మ మసకబారుద్ది, తేడా అక్కడే. కలిపేముందు ఏ రెండు ఫైళ్ళైనా తెరిచి మొదటి పది ఈవెంట్ల శక్తులు పక్కపక్కన పెట్టి చూడండి, అంకెకి అంకె కలిస్తే మళ్ళీ సీడ్ దగ్గరికే రండి.