అమెరికా పార్కులో బాతు బుస కొడితే

మన కోనసీమలో కాలవ గట్టున బాతుల మంద అడ్డొస్తే "హుష్" అంటే చాలు, నీళ్లలోకి దిగిపోతాయి. ఆ అలవాటుతోనే అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్లినప్పుడు పార్కులో ఒక కెనడా గూస్‌ని, అంటే పెద్ద బాతులాంటి పక్షిని, అదిలించాను. నల్లటి మెడ, గడ్డం కింద తెల్లమచ్చ, చూడ్డానికి సాధువులాగే ఉంది. మెడ నేలకు వంచి, పాములా బుస కొడుతూ మీదికొచ్చేసింది!

వసంతకాలంలో అవి గూడు పెడతాయి, మగది కాపలా కాస్తుంది. మీదికొస్తే వెనక్కి తిరిగి పరిగెత్తకండి. దానికేసే చూస్తూ ఒక్కో అడుగూ వెనక్కి వేయండి. కర్ర జోలికి పోవద్దు, 1918 నాటి వలస పక్షుల చట్టం వాటికి కాపు. మిగిలిన బ్రెడ్డు కూడా వేయకండి. అవి గడ్డి మేసే పక్షులు, తిండికి మరిగితే మనుషుల వెంటే పడతాయి. మా మనవడి చేతిలో బిస్కెట్టు అలాగే పోయింది.