కుళ్లిన వేళ్ల నుంచి ఆర్కిడ్ తేరుకుంది

నర్సరీ నుంచి తెచ్చిన ఫెలనాప్సిస్ ఆర్కిడ్ ఆకులు వానాకాలంలో ముడతలు పడి వాలిపోయాయి. నీళ్లు చాలకపోయినా ఆకు అలాగే వాడుతుంది, వేరు కుళ్లినా అలాగే వాడుతుంది. అందుకే నీళ్లు పోయకుండా ముందు మొక్కను కుండీలోంచి తీశాను.

వేళ్ల నడుమ నాచును బిగించి కూరిన ముద్ద ఉంది. పైన పొడిగా ఉన్నా పిండితే నీళ్లు కారాయి. కుళ్లిన వేరును పట్టి లాగితే పైపొర తొడుగులా ఊడివచ్చి, లోపల సన్నటి పోగు మిగులుతుంది. అలాంటివన్నీ స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో తీసేశాను. గట్టిగా ఉన్నవాటిని, రంగు మారినా సరే, ఉంచాను.

తర్వాత కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గు కలిపి చిల్లులున్న పారదర్శకమైన కుండీలో నాటాను. డొక్కను నానబెట్టి బాగా కడగాలి, అందులోని ఉప్పు వేళ్లకు చేటు. అడవిలో చెట్టు కొమ్మను పట్టుకుని బతికే మొక్క ఇది, వేళ్లకు గాలి ఆడాల్సిందే! వేళ్లు వెండి రంగుకు తిరిగాకే నీళ్లు పోస్తాను, పచ్చగా ఉంటే ఆగుతాను. ఆకుల నడిమి గుంటలో నీరు నిలిస్తే దూదితో అద్దుతాను. తూర్పు కిటికీ వెలుగు చాలు.

పాత ఆకుల ముడతలు పూర్తిగా పోలేదు. కొత్త వేళ్లు మాత్రం పచ్చటి మొనలతో కుండీ అంచుకు చేరాయి. పూలకాడ కోసం తొందరపెట్టను, ముందు వేళ్లు నిండాలి.