పులియబెట్టిన కూరగాయల వ్యర్థాలను చేపల మేతలో కలిపే ముందు

కొల్లేరు పరిసరాల్లో తవుడు, నూనెగింజల చెక్క కలిపిన మేతను చిల్లుల సంచుల్లో నింపి రోహు, కట్ల చెరువుల్లో కర్రలకు వేలాడదీసే రైతులు, ఆ మేతలో పులియబెట్టిన కూరగాయల వ్యర్థాలను చేర్చదలిస్తే, ముందుగా అవి ఎక్కడివో విచారించాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులను బాగా కడిగి, నీరు ఓడ్చి, సన్నగా తరగాలి. అయితే ఆకులోకి ఇంకిన పురుగుమందు కడిగినంత మాత్రాన పోదు గనుక, ఇటీవల మందు కొట్టిన తోట సరుకును వదిలేయడమే మేలు. పచ్చబారిన బంగాళాదుంపలను, ప్లాస్టిక్ ముక్కలను, రబ్బరు బ్యాండ్లను ఏరివేయాలి.

కొద్దిగా బెల్లం, పెరుగు కలిపి డ్రమ్ములో గాలి మిగలకుండా అదమాలి. లోపల వాయువు పుడుతుంది కాబట్టి అది బయటికి పోయే దారి ఉంచాలి. తెరిచినప్పుడు పుల్లని వాసన రావాలి, పీహెచ్ (పులుపును తెలిపే కొలత, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.5 కంటే తక్కువగా ఉండాలి. బూజు కనిపిస్తే పైపొర తీసేసి మిగతాది వాడుకుందామనే ఆశ చాలామందికి కలుగుతుంది. కానీ బూజు విషాలు కంటికి కనబడకుండా లోపలికి దిగి ఉండవచ్చు, వాటిలో అఫ్లాటాక్సిన్ చేప కాలేయాన్ని దెబ్బతీస్తుంది కనుక మొత్తం పారేయాలి.

మొదట మేతలో పదో వంతుకు మించకుండా కలిపి, సంచిలో ఎంత మిగిలిందో రోజూ చూడాలి. డ్రమ్ములో ఊరిన నీటిని చెరువులో పోస్తే అది కుళ్లి ప్రాణవాయువును తగ్గిస్తుంది. మబ్బు పట్టిన రోజుల్లోను, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నప్పుడు ఈ మేత ఆపాలి. చేప ఒంటికి పట్టే పరాన్నజీవి అయిన చేప పేను పడితే దీన్ని మందుగా భావించకూడదు.